తుపానును కోరుకొన్న కరువు

తుపాను రావలెనని ప్రజలు కోరుకొనుటయు, వచ్చిన తుపాను చాలలేదని విచారించుటయు వినుటకు విపరీతముగా తోచును. కాని 2011 జులై చివరి వారమున అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున జరిగినది సరిగా అదియే. మెక్సికో సింధుశాఖలో ‘డాన్’ అను తుపాను జనించినదనియు, దక్షిణ టెక్సస్ తీరము వైపు కదలుచున్నదనియు 27వ తేదీన వార్త వెలువడినంతనే, ఇతర సంవత్సరములలోనైతే కిటికీలకు చెక్కలు బిగించుకొనవలసిన జనులు ఆ యేడు సముద్రము వంక ఆశతో చూచిరి. 29వ తేదీ రాత్రి పాడ్రే దీవి కడ ఒడ్డు చేరునప్పటికే ఆ తుపాను వాయుగుండముగా క్షీణించియుండెను. ఒడ్డెక్కిన కొన్ని గంటలకు దాని ఆకృతియు మిగులలేదు. తీరమున అక్కడక్కడ ఒకటి రెండంగుళముల జల్లు తప్ప లోపలి పొలములకు అది ప్రసాదించినది మబ్బునీడ మాత్రమే.

దీనిని దురదృష్టమని త్రోసివేయవచ్చును. కాని ఆ యేటి వాతావరణమును నిదానముగా పరిశీలించినచో, టెక్సస్‌లో కరువు పుట్టుటకు గల కారణమును, డాన్ నశించుటకు గల కారణమును చాలవరకు ఒక్కటియేనని తేలును. కరువు దినములలో తుపానువానను నమ్ముకొని నిర్ణయములను వాయిదావేయు ప్రతి ప్రభుత్వమును, మన ప్రభుత్వములతో సహా, గ్రహింపదగిన విషయమిది.

ముందుగా ఆ కరువు స్వరూపమును చూతము. రెండు తెలుగు రాష్ట్రముల ఉమ్మడి వైశాల్యమునకు రెండున్నర రెట్లు గల టెక్సస్‌లో, 2010 అక్టోబరు మొదలు 2011 సెప్టెంబరు వరకు గల పండ్రెండు మాసములు, వానలెక్కలు వ్రాయనారంభించినది మొదలు ఎన్నడును లేనంత పొడిగా గడచినవి. సాలుకు సగటున 27 అంగుళముల వాన కురియవలసినచోట సుమారు 11 అంగుళములే కురిసెను. ఆ సంవత్సరము డాలస్–ఫోర్టువర్తు ప్రాంతమున 71 దినములును, రాజధానియగు ఆస్టిన్‌లో 90 దినములును పగటి ఉష్ణోగ్రత నూరు ఫారన్‌హీటు డిగ్రీలను, అనగా మన లెక్కలో సుమారు 38 డిగ్రీలను, అందుకొనెను లేదా మించెను. రెంటచింతల, రామగుండము వాసులకు 38 డిగ్రీలు గొప్ప వేడిమిగా తోచకపోవచ్చును. కాని మన ఎండలను జూన్‌లో తొలకరి వచ్చి చల్లార్చును, అచటి ఎండలకు అట్టి గడువు లేకపోయెను. వ్యవసాయమునకును పశుపాలనమునకును వాటిల్లిన నష్టమును ఆ రాష్ట్రపు వ్యవసాయ విస్తరణ సంస్థ 762 కోట్ల డాలర్లుగా లెక్కగట్టెను; దాదాపు 30 కోట్ల వృక్షములు నిలువున ఎండిపోయినవని అటవీశాఖ అంచనావేసెను. మేత కరవై రైతులు తరతరములుగా పెంచుకొన్న మందలను అయినకాడికి తెగనమ్ముకొనిరి.

ఈ అనావృష్టికి మొదటి కారణము పసిఫిక్ మహాసముద్రపు మధ్యభాగమున జలములు చల్లబడు ‘లా నినా’ స్థితి. మనకు సామాన్యముగా మంచి ఋతుపవనములను కొనివచ్చు ఈ స్థితియే అమెరికా దక్షిణ ప్రాంతములకు శీతకాలపు వానలను దూరము చేయును. ఆ శీతకాలమును, దానివెంట వసంతమును వర్షము లేక గడచుటతో, వేసవి ప్రవేశించునప్పటికే నేలలోని తడి ఆరిపోయెను. రెండవ కారణము ఇచటనే పుట్టినది. నేలలో తడి యున్నంతకాలము సూర్యతాపమున కొంతభాగము ఆ తడిని ఆవిరిచేయుటకు వ్యయమగును. తడి లేనప్పుడు ఆ తాపమంతయు గాలిని కాచుటకే వినియోగపడును. కాగిన నేలపైన అధికపీడన మండలము మరింత బలపడును. దానియందు గాలి పైనుండి క్రిందికి దిగుచు వేడెక్కుచు మబ్బు కట్టనీయదు. మబ్బు లేనందున నేల ఇంకను కాగును. ఈ విధముగా కరువు తన్ను తాను పోషించుకొనును.

తుపాను విషయమున ముఖ్యమైన సంగతి యేమనగా, అది తన యిచ్చవచ్చినచోటికి పోజాలదు. చుట్టునున్న పెద్ద గాలిప్రవాహములు ఎటు నడపిన అటు పోవలసినదే. టెక్సస్ మీద పీఠము వేసికొన్న అధికపీడన మండలమును తుపాను చీల్చుకొని లోనికి చొరబడుట దుర్లభము; దాని అంచులను అనుసరించి దక్షిణమునకో తూర్పునకో తొలగిపోవుటయే సహజము. 2011లో సింధుశాఖలో పుట్టిన తుపానుల బాటలను పటముపై గీచి చూచినచో ఇది ప్రత్యక్షముగా కనబడును. జూన్ చివర ‘ఆర్లీన్’ దక్షిణముగా పోయి మెక్సికోలోని వెరాక్రూజ్ తీరమును తాకెను. సెప్టెంబరులో ‘నేట్’ కూడ మెక్సికోకే పోయెను. మండలపు అంచును త్రొక్కిన ఒక్క డాన్ దాని పొడిగాలిలో పడి ఉడిగిపోయెను.

నాలుగవదియగు ‘లీ’ చేసినది మరింత దారుణము. అది సెప్టెంబరు 4న తూర్పుననున్న లూసియానా రాష్ట్రమున ఒడ్డెక్కి అచట పది అంగుళములకు మించిన వానను కుమ్మరించెను. దాని తేమ ఈశాన్యముగా సాగిపోయి న్యూయార్కు, పెన్సిల్వేనియాలలోని సస్క్వెహానా నదిని పొంగించెను. తుపాను చుట్టును గాలి మన దిక్కున వలెనే అపసవ్యముగా తిరుగును గావున, దానికి పశ్చిమమునబడిన టెక్సస్‌కు ఉత్తరమునుండి వీచు ఎండుగాలి తప్ప మరేమియు దక్కలేదు. ఆ యీదురుగాలికి చెట్లు విద్యుత్తు తీగలపై కూలుటచే ఆస్టిన్ సమీపమునందలి బాస్‌ట్రాప్ కౌంటీలో ఆనాడే మంటలు లేచెను. 32 వేల ఎకరములకు పైగా అడవి దగ్ధమయ్యెను, 1,600కు మించిన గృహములు బూడిదయ్యెను, ఇరువురు మరణించిరి. ఏ తుపానువానకై జనులు మాసముల తరబడి నిరీక్షించిరో, ఆ తుపాను ప్రక్క రాష్ట్రము వారిని ముంచి తమ యిండ్లకు నిప్పు పెట్టినదన్నమాట.

అట్లని తుపానువాన కరువును ఎన్నడును తీర్పలేదని చెప్పుట సత్యము కాదు. జార్జియా, కరోలినా రాష్ట్రముల వంటి ఆగ్నేయ అమెరికా ప్రాంతములలో 1950 తరువాతి వేసవి కరువులను పరిశోధించినవారు వానిలో గణ్యమైన భాగము తుపానుల వర్షముతోనే ముగిసినవని నిరూపించియున్నారు. టెక్సస్‌లోనే 1978 వేసవిలో ‘అమీలియా’ అను అల్పమైన తుపాను వచ్చి, గాలిబలము లేకున్నను కొండసీమలో నిలిచిపోయి, మెడీనా కడ 48 అంగుళముల వర్షమును కురిపించెను. వాన యొక్క మొత్తము గాలి యొక్క వేగమును బట్టి యుండదు. తుపాను ఎంత నెమ్మదిగా కదలునో, ఎంతసేపు ఒకచోట నిలుచునో దానిని బట్టి యుండును. కాని ఆ 48 అంగుళములు ఎండిన పచ్చికబీళ్ళను తడిపినంతనే ఆగలేదు. సున్నపురాతి కొండలపైని పలుచని మట్టి ఆ నీటిని ఇముడ్చుకొనలేక వాగులలోనికి వదలివేయగా, ముప్పదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. డాన్ వలె వచ్చినచో చాలదు. అమీలియా వలె వచ్చినచో నిలువదు. ఈ రెంటి నడుమ, రైతు కోరునట్టి మితమైన, నిదానమైన, విస్తారమైన వానను ఇచ్చు తుపాను ఉండవచ్చును; దీర్ఘకాలపు సగటులో ఉన్నది కూడ. కాని సగటనునది నూరేండ్లకు వర్తించు మాట. ఈ యేటి బావికి ఈ నెలలోనే నీరు కావలెను.

చరిత్రను చూచినచో టెక్సస్ మహాక్షామములు తుపానుల వలన ముగియకపోవుట గమనింపదగియున్నది. 1950 ప్రాంతమున ఆరంభమై 254 కౌంటీలలో 244 కౌంటీలను విపత్తు ప్రాంతములుగా ప్రకటింపజేసిన నాటి కరువు 1957 వసంతకాలపు వానలతో తీరెను. 2011లో తీవ్రరూపము దాల్చిన కరువును 2015 మే మాసపు ఉరుములవానలు తీర్చెను. రాష్ట్రమున అంతకుముందెన్నడును అంతటి వాన కురిసిన మాసము లేదు. ఆ వరదలోనే బ్లాంకో నది పొంగి వింబర్లీ గ్రామమున యిండ్లను ఎత్తుకొనిపోయెను. నాలుగేండ్లు ఎదురుచూచిన సింధుశాఖ తుపాను ‘బిల్’ ఆ జూన్ 16న టెక్సస్ తీరమును చేరెను, అనగా నేల నానిపోయిన పిమ్మట.

2011 ఏప్రిల్ 22 మొదలు మూడు దినములను వర్షప్రార్థనకై నాటి గవర్నరు రిక్ పెర్రీ ప్రకటించినప్పుడు పరిహసించినవారు లేకపోలేదు. వరుణయాగములు చేయించి, విరాటపర్వము చదివించి, కప్పను కట్టిన రోకలితో ఊరంతయు తిరిగి నీళ్ళు పోయించుకొను సంప్రదాయము గల మనకు ఆ పరిహాసము చెల్లదు. ప్రజల ప్రార్థన దుఃఖమునకు ఊరట. దానివలన ఎవరికిని నష్టము లేదు. నష్టమెచటననగా, జనుల హృదయములలో నుండవలసిన ఆశ కార్యాలయపు నిబంధనలలోనికి ప్రవేశించినచోట.

అందుకు దృష్టాంతము కొలరాడో నది. పశ్చిమ రాష్ట్రముల గుండ పారు ప్రసిద్ధమైన కొలరాడో కాదు. టెక్సస్‌లోనే పుట్టి టెక్సస్‌లోనే సముద్రమున కలియు మరియొక నది. దానిపైనున్న బుకానన్, ట్రావిస్ జలాశయముల నీటిని ఆస్టిన్ నగరమునకును, దిగువనున్న వరి రైతులకును పంచిపెట్టు బాధ్యత 1934లో ఏర్పడిన లోయర్ కొలరాడో రివర్ అథారిటీది. నాటి విధానము ప్రకారము సంవత్సరారంభమున జలాశయములలో ఎంత నీరున్నదో చూచి ఆ యేటి వరికి సరఫరా నిర్ణయించెడివారు. 2011 జనవరిలో నీరు తగినంత యుండెను గావున వరికి పూర్తిగా విడుదల చేసిరి. తరువాత ఆ యేడు జలాశయములలోనికి వచ్చిన ప్రవాహము సగటులో సుమారు పదియవ వంతు. జనవరి మట్టము చూచి సంవత్సరమంతటికిని వాగ్దానము చేయుటలోనే, నడుమ వానలు మామూలుగా కురియునన్న విశ్వాసము ఇమిడియున్నది. పంట చేతికి వచ్చునని విత్తనపు గింజలను వండుకొన్న గృహస్థు స్థితి వంటిదియే ఆ సంస్థ స్థితియు నయ్యెను. 2012 జనవరిలో ట్రావిస్ ఒడ్డునున్న స్పైస్‌వుడ్ బీచ్ అను పల్లెకు బావి ఎండిపోగా ట్యాంకరులతో నీరు తోలవలసి వచ్చెను.

అప్పుడు ఆ సంస్థ అత్యవసరపు అనుమతి పొంది ఒక క్రొత్త నియమము పెట్టుకొనెను: మార్చి 1వ తేదీ నాటికి రెండు జలాశయములలోను కలిపి 8 లక్షల 50 వేల ఎకర-అడుగుల నీరు లేనిచో అధికసంఖ్యాకులగు వరి రైతులకు విడుదల యుండదు. గడువు నాటికి నిలువ అతి స్వల్పముగా తక్కువయ్యెను; విడుదల ఆగెను. సంస్థ చరిత్రలో అది మొదటిసారి. తరువాతి సంవత్సరములలోను కొనసాగెను. ఈ నియమము క్రూరముగా కనబడవచ్చును. వార్టన్, మాటగోర్డా కౌంటీల రైతులు పడిన కష్టము చిన్నది కాదు. కాని విత్తకముందే, మడి దున్నకముందే, నీరు రాదని తేదీతోను కొలతతోను చెప్పిన నియమము, విత్తిన తరువాత చెప్పు నియమముకన్న దయగలది. రైతు ఆ మాటను నమ్మి వేరొక పంట వేసికొనవచ్చును, బీమాను ఆశ్రయింపవచ్చును. ఆకాశమును నమ్మి చేయగలిగినది లేదు.

ఈ కథ రాయలసీమకు అన్యమైనది కాదు. జులై ఆగస్టులలో బంగాళాఖాతమున పుట్టు వాయుగుండములు తరచుగా ఒడిశా, ఉత్తరాంధ్ర తీరములను దాటి వాయవ్యముగా పోవును; అనంతపురపు వేరుశనగ ఊడలు దిగువేళ వానిని గూర్చిన వార్త వినుటయే గాని వాన తడియుట అరుదు. 2009లో దేశమంతటను నైరుతి ఋతుపవన వర్షము సగటులో నూటికి 78 పాళ్ళే పడి, 1972 తరువాత అంతటి అనావృష్టి లేదనిపించెను. ఆ కరువును తీర్చవలసిన అల్పపీడనము సెప్టెంబరు చివర వచ్చి కృష్ణా తుంగభద్రలను ఒక్కసారిగా పొంగించగా, అక్టోబరు 2న కర్నూలు నగరము మునిగెను. 19 లక్షల క్యూసెక్కుల వరదకు నిర్మించిన శ్రీశైలము జలాశయమునకు సుమారు 25 లక్షల క్యూసెక్కులు వచ్చిపడెను. ఖరీఫు పంట ఎండిన చేలను ఆ వరద తిరిగి పండింపలేదు. చెరువులు పూడి, కట్టలు గండ్లు పడియున్న గ్రామములకు నిలువయు మిగులలేదు.

2013లో టెక్సస్ ఓటర్లు తమ రాష్ట్రపు నిలువనిధినుండి 200 కోట్ల డాలర్లను నీటి నిర్మాణములకు కేటాయించు ప్రతిపాదనను ఆమోదించిరి. కరువు చల్లారకముందే ఆ పని జరిగినది గావుననే జరిగినదని చెప్పవలెను; వాన కురిసిన మరునాడు అట్టి తీర్మానములకు ఓట్లు దొరకవు. మన చెరువుల పూడికతీతకును, పంటమార్పిడికిని, జలాశయములలో త్రాగునీటికై ప్రత్యేకించు నిలువకును ఈ మాట వర్తించును. వాయుగుండము వచ్చునేమోనని ఎదురుచూచు హక్కు రైతుకు కలదు. నీటిపారుదల శాఖకు లేదు. ఏ తేదీకి ఏ మట్టము లేనిచో ఎవరికి నీరు ఆపవలెనో, ఆపినవారికి ఏమి ఇవ్వవలెనో విత్తనములు కొనకముందే ప్రకటించుట ఆ శాఖ విధి. ఆ ప్రకటన వెలువడిన తరువాత వచ్చు వాన యంతయు లాభము క్రింద జమకట్టవచ్చును.