బొమ్మ కాదు, కొలత!

“ఇంత వయసొచ్చి రైలుబొమ్మలేమిటి?” అని నవ్వే మిత్రులకు నా జవాబు ఒక్కటే: నమూనా రైలు ఆటవస్తువు కాదు, లెక్క తప్పనివ్వని పాఠం.

హెచ్.ఓ. స్కేలంటే అసలులో 87వ వంతు. దానికి బజారులో దొరికే పట్టాల ఎడం 16.5 మి.మీ.; అది విదేశాల 1435 మి.మీ. గేజీకి సరి. మన బ్రాడ్‌గేజీ 1676, నమూనాలో 19.3 రావాలి. కొన్న పట్టాలమీద మన పెట్టెను నిలబెడితే ఏనుగుకు మేక కాళ్ళు పెట్టినట్టే! పట్టాలు మనమే వేసుకోవాలి.

అన్నీ అచ్చంగా చేయగలమా? లేము. బ్రాడ్‌గేజీలో అతి బిగువైన వంపు వ్యాసార్ధం 175 మీటర్లు. నమూనాలో 2 మీటర్లు. హాస్టలు గదిలో పట్టదు. అక్కడ సర్దుకోవాలి, తెలిసి సర్దుకోవాలి. కంకర దగ్గర మాత్రం ఆ సాకు చెల్లదు. 65 మి.మీ. రాయి నమూనాలో ముప్పాతిక మిల్లీమీటరు. చేపలతొట్టి గులకరాళ్ళు పోస్తే బండలే! సన్నజల్లెడ పట్టిన ఏటి ఇసుక చాలు, పైసా ఖర్చుండదు.

ఇక అసలు సంగతి. మనలో ఎందరినో ఈ కాలేజీకి మోసుకొచ్చిన పాత ఐ.సి.ఎఫ్. పెట్టెల తయారీని పెరంబూరు కర్మాగారం 2018లో ఆపేసింది. ఉన్నవీ ఒక్కొక్కటే తప్పుకుంటున్నాయి. ఫొటో రూపం చూపిస్తుందే గాని కొలత చెప్పదు. 21.3 మీటర్ల ఆ పెట్టెను కిటికీ, మెట్టుతో సహా కొలిచి 245 మి.మీ.లో నిలపడానికి ఇదే అదను.

ఫిజిక్సు శాఖవారు ఒక బల్ల ఇప్పించండి. టేపూ, ఇసుకా మేం తెస్తాం!