గుడి లోపల కాదు.. క్యూలోనే ప్రాణాలు పోతున్నాయ్! ఏడాదిలో 22 మంది మృతి, తప్పు ఎక్కడ జరుగుతోంది?

2025 జనవరి 8, రాత్రి. తిరుపతి బైరాగిపట్టెడ. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్లు మర్నాడు ఉదయం 5 గంటల నుంచి ఇస్తామని టీటీడీ ముందే ప్రకటించింది. కానీ ముందురోజు నుంచే జనం వచ్చేశారు. కౌంటర్లు తెరవలేదు కాబట్టి వాళ్లను దగ్గర్లోని పార్కులో ఉంచారు. గంటలు గడిచాయి. లోపల ఒకరికి ఒంట్లో బాగోలేదని గేటు తీశారు. వెనకున్న వాళ్లకు ఆ విషయం తెలీదు. టోకెన్లు ఇస్తున్నారు అనుకున్నారు. అంతే.. ఒక్కసారిగా అందరూ గేటు వైపు కదిలారు.

ఆరుగురు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది మహిళలే. కొండ ఎక్కనే లేదు, స్వామిని చూడనే లేదు. కనీసం టోకెన్ కూడా చేతికి రాలేదు.

ఆ ఏడాది అదొక్కటే కాదు. ఏప్రిల్ 30న సింహాచలంలో ఏడుగురు, నవంబర్ 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో తొమ్మిది మంది. మొత్తం 22 ప్రాణాలు. మూడు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. వీటిలో ఒక్కటి కూడా గర్భగుడి ముందు జరగలేదు. అన్నీ బయట.. క్యూలో, మెట్ల మీద, గేటు దగ్గర జరిగినవే.

మూడు చోట్లా ఏం జరిగింది?

సింహాచలంలో చందనోత్సవం రోజు. ఏడాదిలో ఆ ఒక్కరోజే అప్పన్న స్వామి నిజరూప దర్శనం దొరుకుతుంది. అందుకే అర్ధరాత్రి నుంచే క్యూలు కట్టారు. తెల్లవారుజామున గాలివాన. 300 రూపాయల టికెట్ క్యూలైన్ పక్కన కొద్దిరోజుల ముందే కట్టిన గోడ భక్తుల మీద కూలిపోయింది. అక్కడ తోపులాట లేదు, భక్తుల తప్పు అసలే లేదు. వేల మంది నిలబడే చోట గోడ ఎంత గట్టిగా ఉందో చూసుకోకపోవడమే కారణం.

కాశీబుగ్గది ఇంకో రకం. అది ఒక వ్యక్తి సొంత స్థలంలో కట్టించిన వెంకటేశ్వరస్వామి గుడి. దేవాదాయ శాఖ కింద లేదు. కార్తీక మాసం, శనివారం, ఏకాదశి.. మూడూ కలిసి వచ్చాయి. ఊహించనంత జనం వచ్చారు. వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు ఒకే దారిలో ఎదురుపడ్డారు. మెట్ల దగ్గర రెయిలింగ్ ఊడిపోయింది. జనం ఒకరి మీద ఒకరు పడ్డారు.

తిరుపతిలో తప్పుడు సంకేతం, సింహాచలంలో బలం లేని గోడ, కాశీబుగ్గలో ఒకే దారి. కారణాలు వేరు. కానీ మూడు చోట్లా మన ఏర్పాట్లన్నీ దర్శనం చుట్టూనే తిరిగాయి. దర్శనం కోసం ఎదురుచూసే గంటల గురించి అంతగా ఆలోచించలేదు.

అసలు తొక్కిసలాటలో ప్రాణం ఎలా పోతుంది?

కింద పడి, కాళ్ల కింద నలిగి చనిపోతారని చాలామంది అనుకుంటారు. అది కొంతవరకే నిజం. చాలా సందర్భాల్లో నిలబడి ఉండగానే ఊపిరి ఆడక చనిపోతారు. ముందు నుంచి, వెనక నుంచి ఒత్తిడి పెరిగితే ఛాతీ విచ్చుకోదు. గాలి పీల్చుకోలేరు. చదరపు మీటరుకు ఆరేడుగురు చేరారంటే ఇక ఎవరి అడుగు వాళ్ల చేతిలో ఉండదు. జనం ఎటు ఊగితే అటు కొట్టుకుపోవాల్సిందే.

ఇంకో విషయం. వెనకున్న వాళ్లకు ముందేం జరుగుతోందో కనిపించదు. క్యూ కదిలింది అనుకుని ఒక్క అడుగు ముందుకు వేస్తారు. అలా వందల మంది వేసిన ఒక్కో అడుగు భారం ముందున్న వాళ్ల మీద పడుతుంది. అందుకే ఇలాంటి చోట మైకులో ఒక్క స్పష్టమైన మాట ఎంతో పని చేస్తుంది. 'గేటు తీసింది టోకెన్ల కోసం కాదు' అని వెనకున్న వాళ్ల దాకా వినిపించాలి. అది వినిపించకపోతే వాళ్లకు తెరిచిన గేటు ఒక్కటే కనిపిస్తుంది.

పది రోజులు తలుపు తెరిచినా ఎందుకీ తొందర?

తిరుమలలో వైకుంఠ ద్వారం ఒకప్పుడు ఏకాదశి, ద్వాదశి రెండు రోజులే తెరిచేవారు. 2020 డిసెంబర్ నుంచి పది రోజులకు పెంచారు. రద్దీ పంచుకుంటుందన్నది ఆలోచన. కానీ మన మనసులో ఏకాదశి ఏకాదశే కదా! మొదటి రోజు ఫలం వేరు అనుకుంటాం. దానికి తోడు 2025లో మొదటి మూడు రోజులకు లక్షా 20 వేల టోకెన్లు అన్నారు. లెక్క తెలిసిపోయింది, అయిపోతాయేమోనన్న భయం పట్టుకుంది. భయం ఉన్నచోట ఎవరూ ఉదయం 5 గంటల దాకా ఇంట్లో కూర్చోరు.

ఘటన తర్వాత ముఖ్యమంత్రి చంద్రబాబు తిరుపతి వచ్చారు. ఇద్దరు అధికారులను సస్పెండ్ చేశారు, ముగ్గురిని బదిలీ చేశారు. న్యాయ విచారణకూ ఆదేశించారు. అయితే అసలు మార్పు తర్వాతి వైకుంఠ ఏకాదశికి కనిపించింది. డిసెంబర్ 30, 31, జనవరి 1.. ఈ మూడు రోజులకు ఆన్‌లైన్‌లో పేర్లు తీసుకుని ఈ-డిప్‌లో ఎంపిక చేశారు. జనవరి 2 నుంచి 8 వరకు టోకెన్ అవసరం లేకుండా సర్వదర్శనం ఇచ్చారు. అంటే టోకెన్ కోసం రాత్రంతా కౌంటర్ ముందు పడుకోవాల్సిన పనే లేకుండా చేశారు. లోపాన్ని సరిగ్గా పట్టుకున్న మార్పు ఇది.

కానీ దీనికీ ఒక ఇబ్బంది ఉంది. స్మార్ట్‌ఫోన్ లేని పల్లెటూరి అవ్వకు, ఓటీపీ అంటే తెలియని తాతకు ఆ మొదటి మూడు రోజులు అందనట్టే. మనవడో, మనవరాలో పూనుకుంటే తప్ప వాళ్ల పేరు డిప్‌లోకి వెళ్లదు. మిగతా ఏడు రోజులు వాళ్ల కోసమే అనుకోవాలి. ఆ మాట వాళ్ల ఊరి దాకా చేరాలి కదా! ఆన్‌లైన్ గురించి ప్రచారం ఆన్‌లైన్‌లోనే చేస్తే ఉపయోగం లేదు. బస్టాండ్‌లో బోర్డు, ఊళ్లో మైకు.. ఇవీ కావాలి.

చిన్న గుళ్ల మాటేంటి?

తిరుమలకు వైకుంఠం క్యూ కాంప్లెక్స్ ఉంది, కంపార్ట్‌మెంట్లు ఉన్నాయి, సిబ్బంది ఉన్నారు. ఊరి చివర కొత్తగా కట్టిన గుడికి ఇవేవీ ఉండవు. కానీ ఒక్క రీల్ వైరల్ అయితే చాలు, వేల మంది వచ్చేస్తారు. రేపు ఇంకోచోట కాశీబుగ్గ జరగకూడదంటే గుడి ఎవరిదైనా సరే.. పండగ రోజు పోలీసులకు ముందే చెప్పాలి. లోపలికి ఒక దారి, బయటికి ఇంకో దారి ఉండాలి. ఇంతమందికి మించితే ఆపేస్తాం అనే లెక్క ఉండాలి. ఇవేమీ కోట్లు ఖర్చయ్యే పనులు కావు.

మీరు వెళ్తున్నారా? ఇవి గుర్తుపెట్టుకోండి

* క్యూలోకి వెళ్లగానే బయటికి దారి ఎటు ఉందో చూసుకోండి.
* రెండు వైపుల నుంచీ ఒళ్లు తగులుతూ, చేతులు పైకి ఎత్తలేని పరిస్థితి వస్తోందంటే అప్పుడే పక్కకు వచ్చేయండి. ఇంకాసేపు చూద్దాం అనుకోవద్దు.
* జనంలో చిక్కుకుంటే రెండు చేతులూ ఛాతీకి అడ్డంగా, కాస్త ఎడంగా పెట్టుకోండి. ఊపిరి తీసుకునే జాగా మిగులుతుంది.
* ఎదురు నెట్టొద్దు. ఒత్తిడి తగ్గిన క్షణంలో ఏటవాలుగా అంచు వైపు జరగండి.
* చెప్పు, ఫోన్, సంచి.. ఏది పడినా వంగొద్దు.
* గోడలకు, రెయిలింగులకు ఆనుకుని నిలబడొద్దు. చిన్నపిల్లలను ఎత్తుకోండి.
* ఎవరైనా పడిపోతే వెంటనే అరిచి వెనకవాళ్లను ఆపండి. 108కి గానీ, 112కి గానీ ఫోన్ చేయండి.

మన ఇళ్లల్లో మొక్కు అంటే చిన్న విషయం కాదు. అమ్మ ఏడాది పాటు హుండీలో చిల్లర వేస్తుంది, ముడుపు కడుతుంది, ఆ రోజు కోసం ఎదురుచూస్తుంది. అలాంటి అమ్మను బస్సెక్కించేటప్పుడు 'మొదటి రోజే వెళ్లాలా, నాలుగు రోజులు ఆగి వెళ్దామా' అని ఒక్కసారి అడగండి. వైకుంఠ ద్వారం పది రోజులూ తెరిచే ఉంటుంది. స్వామీ అక్కడే ఉంటాడు. అమ్మ మాత్రం క్షేమంగా ఇంటికి తిరిగి రావాలి.