కాళ్లు వాచేదాకా ఆగవద్దు

సోంపేట: ఉద్దానంలో కొబ్బరితోటకు తెగులు పట్టిందంటే రైతు మర్నాడే మందు కోసం పరుగెడతాడు. తన రక్తపరీక్ష కాగితంలో క్రియాటినిన్ పెరిగిందంటే మాత్రం ఆ కాగితాన్ని చూరులో దోపి ఊరుకుంటాడు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో తరచు కనిపిస్తున్న సంగతే ఇది.

వెళ్లకపోవడానికి కారణాలు లేకపోలేదు. ఒంట్లో బాధ తెలియదు. వెళితే ఆ రోజు కూలి పోతుంది, తోడు వచ్చేవారి కూలీ పోతుంది. అన్నిటికీ మించినది భయం. "కిడ్నీ డాక్టరు దగ్గరకు వెళితే డయాలసిస్ మీద పెట్టేస్తారు, పెడితే ఇక అంతే" అన్న మాట ఊళ్లలో పాతుకుపోయింది. జరుగుతున్నది ఇందుకు తలకిందులు. ఆలస్యంగా వెళ్లినవారికే వెంటనే డయాలసిస్ పెట్టవలసి వస్తోంది. వారిని చూసి మిగతావారు భయపడి మరింత ఆలస్యం చేస్తున్నారు.

మూత్రపిండాల జబ్బు చప్పుడు చేయకుండా వస్తుంది. కాళ్లు, ముఖం వాచి, ఆయాసం వచ్చి, అన్నం సయించని స్థితికి చేరేసరికి మూత్రపిండాలు చాలావరకు చెడిపోయి ఉంటాయి. అలా ఏళ్ల తరబడి చెడినది తిరిగి బాగుపడదు. మిగిలినదాన్ని కాపాడుకోవచ్చు. బీపీని అదుపులో ఉంచుకుని, ఒళ్లునొప్పుల బిళ్లలు మానుకుంటే చాలామందికి డయాలసిస్ అవసరం ఏళ్ల తరబడి వెనక్కి పోతుంది.

అలాగని అందరూ పరుగెత్తనక్కరలేదు. క్రియాటినిన్ సాధారణంగా 1.2 లోపు ఉంటుంది. కాస్త ఎక్కువ వస్తే ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చూపించి, చెప్పిన గడువులో మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. రెండోసారి కూడా అంకె పెరిగినా, మూత్రంలో ఆల్బుమిన్ పోతున్నా, మందులు వాడుతున్నా బీపీ దిగకపోయినా నిపుణుడి దగ్గరకు వెళ్లవలసిందే. ఇంట్లో ఇదివరకే ఒకరికి ఈ జబ్బు ఉంటే అసలు తాత్సారం చేయరాదు. ఒకప్పుడు ఇందుకు విశాఖ పోవలసి వచ్చేది. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాక ఆ దూరాభారం తగ్గింది.

వెళ్లేటప్పుడు చేతులూపుకుంటూ వెళ్లకూడదు. పాత పరీక్ష కాగితాలన్నీ తేదీల వరుసలో పెట్టుకోవాలి. ఒక్క కాగితం చూస్తే నేటి అంకె తెలుస్తుంది. నాలుగు చూస్తే జబ్బు ఎంత వేగంగా ముదురుతోందో డాక్టరుకు తెలుస్తుంది. వాడుతున్న బిళ్లల అట్టలు సంచిలో వేసుకోవాలి. ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చినవీ, నాటుమందులూ దాచకుండా చూపాలి. డాక్టరును చూడబోతున్నామని ఆ ఉదయం బీపీ బిళ్ల మానకూడదు. ఆధార్, రేషన్ కార్డులు మరువరాదు. చదువు వచ్చిన కొడుకో కూతురో తోడుంటే మంచిది. జబ్బు ఏ దశలో ఉంది, ఏ మందులు వాడకూడదు, ఉప్పు, నీళ్లు ఎంత, మళ్లీ ఎప్పుడు రావాలి అన్నవి ముందే రాసుకుని అడగాలి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వారు కూడా "పలాస వెళ్లండి" అని నోటిమాటగా పంపివేయకుండా, పాత అంకెలు, వాడిన మందులు రాసిన చీటీ ఇచ్చి పంపాలి. నిపుణులు ఏయే రోజుల్లో చూస్తారో ప్రతి పంచాయతీ కార్యాలయం వద్ద బోర్డు మీద రాయించాలి. డాక్టరు లేని రోజున వెళ్లి, కూలి పోగొట్టుకుని తిరిగివచ్చినవాడు రెండోసారి బయలుదేరడని అధికారులు గుర్తించాలి.