తక్కెడలో గాలి, బొగ్గు



ఈ మధ్య మన సంఘంలోని మూడు కుటుంబాలు ఒకే ప్రశ్నతో మా దగ్గరికి వచ్చాయి. "అయ్యగారూ, మా గుట్ట చేనులో ఫ్యాన్ పెడతామని కంపెనీవాళ్లు తిరుగుతున్నారు. ఇవ్వమంటారా, వద్దంటారా?" పెద్దలతో కూర్చొని మాట్లాడాక మాకు తోచింది రాస్తున్నాం.

మన సీమకు గాలిమరలు కొత్త కాదు. రామగిరి కొండల మీద 1990లలోనే అవి తిరిగాయి. నేడు మన రాష్ట్రంలో 4,000 మెగావాట్లకు పైగా గాలిమరలున్నాయి, ఎక్కువ భాగం రాయలసీమలోనే. అయినా కొందరు "ఈ ఫ్యాన్లతో ఏమొస్తుంది, బొగ్గు కరెంటే నమ్మకం" అంటారు. సరే, రెంటినీ తక్కెడలో పెడదాం.

ముద్దనూరు దగ్గర 1,650 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. దాని పక్కన గని లేదు. బొగ్గు వందల కిలోమీటర్ల నుంచి రైళ్లలో రావాలి. ఒక యూనిట్ కరెంటుకు ఆరేడు వందల గ్రాముల బొగ్గు కాలుతుంది. రోజుకు నాలుగు యూనిట్లు వాడే ఇంటి కోసం ఎక్కడో రెండున్నర కిలోలు కాలినట్టే. మన దేశపు బొగ్గులో దాదాపు మూడో వంతు బూడిదే. పాత థర్మల్ కేంద్రాలు యూనిట్‌కు 3.5 లీటర్ల నీటిని మించి వాడకూడదని 2015లో కేంద్రం హద్దు పెట్టింది. ఆ హద్దులోనే ఉన్నా, ఆ ఇంటికి రోజుకు ఒక బిందెడు నీళ్లు. బోర్లు ఎండిపోయే సీమలో ఇది చిన్న లెక్క కాదు. గాలిమరకు బొగ్గూ అక్కర్లేదు, ఆ నీళ్లూ అక్కర్లేదు.

అయితే ఒక పక్కకే మొగ్గే తక్కెడ న్యాయమైనది కాదు. గాలి మన మాట వినదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా బలంగా వీస్తుంది, తర్వాత తగ్గుతుంది. గాలి వేగం సగానికి పడితే అందులోని శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. గాలి ఆగిన రాత్రి ఆసుపత్రిలో కరెంటు ఉండాలంటే ఇంకొకటి ఆదుకోవాలి. అందుకే రేపే బొగ్గు ఆపేయమని మేము అనం. గాలి ఉన్నప్పుడు గాలిని వాడుకొని, లేనప్పుడు మాత్రమే బొగ్గు ముట్టించడం మేలంటాం. నంద్యాల జిల్లా పిన్నాపురంలో, కరెంటు మిగిలినప్పుడు నీళ్లను పై చెరువుకు ఎక్కించి, కావలసినప్పుడు వదిలి కరెంటు తీసే ఏర్పాటు చేశారు. అలాంటివి పెరిగేకొద్దీ బొగ్గు అవసరం తగ్గుతుంది.

ఇక మీ ప్రశ్నకు వద్దాం. ఇవ్వండి, కానీ కళ్లు మూసుకొని ఇవ్వకండి. గాలిమర ఇరవై ఏళ్లకు పైగా తిరుగుతుంది. ఒక్కసారి వచ్చే డబ్బు పెళ్లికో అప్పుకో పోతుంది. అమ్మకం కంటే కౌలు మేలు. పునాదికి, దారికి పోగా మిగిలిన చేను దున్నుకోవచ్చని కాగితంలో ఉండాలి. మర పాతబడ్డాక దాన్ని ఎవరు తీసేస్తారో కూడా ఉండాలి. డి.కె.టి. పట్టా అయితే ముందు తహసీల్దారు ఆఫీసులో అడగండి. చదివించుకోకుండా వేలిముద్ర వేయకండి.

ఇంకొక మాట. పట్టా లేనివాడికి ఏ కాగితంలోనూ చోటుండదు. కొండ మీద దారి కోసం బండలు పగిలినప్పుడు ముందు నష్టపోయేది అతడే. మన సంఘంలోని ఒక గొర్రెల కాపరి మాతో అన్నాడు: "ఫ్యాన్ కింద గొర్రె మేస్తుందయ్యా. కంచె వేస్తేనే మేయదు." భూమి ఇచ్చేవాళ్లారా, మేత దారి మూయకూడదన్న షరతు మీరే రాయించండి. అతని పక్షాన అడిగేది మీరు కాకపోతే ఎవరు? గాలిని మనలో ఎవరం కొనలేదు. అది ఊరందరిదీ.

శనివారం సాయంత్రం కాగితాలు తీసుకొని మందిరానికి రండి. అందరి ముందు ఒక్కొక్క పంక్తి చదివి వినిపిస్తాం. ఆ కాపరినీ పిలిచాం.