తొక్క రంగుతో బత్తాయి నాణ్యతను నిర్ణయించవచ్చునా?

బత్తాయి బేరం చాలావరకు తొక్కను చూసే సాగుతుంది. పసుపు రంగు తిరగని కాయ పక్వానికి రాలేదని భావించడం పరిపాటి. ఈ భావనను సరిదిద్దవలసిన బాధ్యత విస్తరణ శాస్త్రవేత్తలపై ఉన్నదని నా అభిప్రాయం.

నిమ్మజాతి పండ్లలో తొక్క రంగు మారడం, లోపలి తొనలు పక్వానికి రావడం రెండు వేర్వేరు ప్రక్రియలు. తొక్కలోని పత్రహరితం క్షీణించి కెరోటినాయిడ్ల రంగు బయటపడాలంటే చల్లని రాత్రులు అవసరం. ఉష్ణోగ్రత సుమారు 13 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన ఉన్నప్పుడు ఈ మార్పు చురుకుగా జరుగుతుంది. మధ్యధరా ప్రాంతంలో శరదృతువు చలి ఇందుకు తోడ్పడుతుంది. నల్లగొండ, అనంతపురం తోటలలో జనవరి–ఫిబ్రవరి పూత కాయలు ఆగస్టు–అక్టోబరు మాసాలలో కోతకు వస్తాయి. అప్పటి రాత్రులు వెచ్చనివి. అందువలన రసం నిండి, పులుపు తగ్గి, తీపి పెరిగిన కాయ కూడా ఆకుపచ్చగానే ఉండవచ్చు. ఇది వాతావరణ ప్రభావమే గాని రైతు లోపం కాదు.

అయితే ప్రతి ఆకుపచ్చ కాయనూ ఈ కారణంతో సమర్థించలేము. నత్రజని మోతాదు మించితే రంగు ఆలస్యమవుతుంది, తొక్క మందమవుతుంది. గుబురు కొమ్మల నీడలో పెరిగిన కాయలలో తీపి తగ్గుతుంది. ధర ఆశతో ముందుగా కోసిన కాయ ఆకుపచ్చగానూ, పుల్లగానూ ఉంటుంది. కనుక రంగును చూడడం కాదు, ఆ రంగుకు కారణం అడగడం మనం నేర్పవలసిన పద్ధతి.

ఇథిలీన్ వాయువుతో తొక్కను పసుపు రంగుకు తేవచ్చు. కాని కోసిన తరువాత బత్తాయిలో తీపి పెరగదు. పక్వమైన కాయకు ఈ ప్రక్రియ అందాన్నిస్తుంది. అపక్వమైన కాయకు ముసుగవుతుంది.

వినియోగదారుడు ప్రతి కాయనూ కోసి చూడలేడన్న మాట నిజమే. అందుకే పరీక్ష తోటలోనే జరగాలి. కోతకు ముందు చెట్టు నలువైపుల నుండి కాయలు సేకరించి, రసం శాతం, రిఫ్రాక్టోమీటరుతో మొత్తం కరిగే ఘనపదార్థాలు, ఆమ్లత కొలిచి, ఈ చివరి రెండింటి నిష్పత్తిని రైతు ఎదుటనే నమోదు చేయాలి. ఆ పత్రం సరుకుతోపాటు మార్కెట్‌కు చేరితే రైతు బేరంలో నిలబడగలడు. విద్యార్థులు క్షేత్ర శిక్షణలో ఈ పనిని చేపడితే వారికి అనుభవం, రైతుకు ఆధారం లభిస్తాయి.