చెన్నపట్టణమున బస యెచ్చట?



పెండ్లిచీరలు కొనుటకో, పెద్దవారికి వైద్యము చేయించుటకో, దైవదర్శనమునకో మన యిండ్లనుండి చెన్నపట్టణమునకు పోవువారు నేటికిని పెక్కుమంది కలరు. ప్రయాణము నిశ్చయమైనతోడనే టిక్కెట్లమాట, దారిబత్తెపుమాట ఆలోచింతుము గాని, ఏ పేటలో దిగవలెనను మాట కడపట జ్ఞప్తికి వచ్చును. ఎచ్చట చవుకయో అచ్చటనే దిగుదుము. ఈ పొరపాటు నేనును చేసితిని గనుకనే చెప్పుచున్నాను.

కొన్నియేండ్ల క్రిందట మా అత్తగారి కంటికి శస్త్రచికిత్స చేయించుటకై పోతిమి. అద్దె తక్కువయని నగరపు కొసనున్న యొక లాడ్జిలో గది తీసికొంటిని. గది మూడవ అంతస్తున నున్నది, లిఫ్టు లేదు. ఆస్పత్రి నగరమధ్యమున నున్నది. ఉదయము 7 గంటలకు రమ్మనిరి. చీకటితోనే బయలుదేరినను, దారి తెలియక, బండి దొరకక, మేము చేరుసరికి 8 దాటెను. మా వంతు మరునాటికి మారెను. పరగడుపున వచ్చిన యా ముసలియామె మారుమాటాడక ఆ మెట్లన్నియు మరల నెక్కెను. రాత్రి మాత్రము, “అమ్మాయీ, గదిలో మిగిల్చినది ఆటోవానికి పోసితిమి. నా మోకాళ్లు నీ లెక్కలోనికి రాలేదు గదా!” అని నవ్వెను. ఆ నవ్వు నాకు నేటికిని గుచ్చుకొనుచున్నది.

కావున మొట్టమొదట “ఏ పనిమీద పోవుచున్నాము?” అని ప్రశ్నించుకొనవలెను. ఆ పనియున్న చోటికి దగ్గరనే బస యుండవలెను. అట్లు కుదరనిచో, ఒక్క రైలెక్కి పోదగిన చోటనైన నుండవలెను.

ఉదయము దిగి మరునాడు మరలువారికి సెంట్రల్, ఎగ్మూరు స్టేషన్ల పరిసరములు అనుకూలములు. రెండుచోట్లను మెట్రోరైలు కలదు. సెంట్రలుకు విమానాశ్రయమునుండి నేరుగా రావచ్చును. అయినను సందులలోని గదికంటె పెద్దవీధిమీది గదియే స్త్రీలకు మేలు.

చీరలకును నగలకును పోవువారికి త్యాగరాయనగరమే తగినది. ఇది 1920 తరువాతి సంవత్సరములలో చెరువు పూడ్చి కట్టిన పేట. పిట్టి త్యాగరాయచెట్టిగారి పేర వెలసినది. ఇందలి పానగల్ పార్కు మన పానుగంటి రామరాయణింగారి బిరుదును నిలిపినది. మాంబళము స్టేషను చెంతనే యున్నది. వేంకటనారాయణ వీధిలో తిరుమల దేవస్థానమువారి ఆలయము కలదు. అయితే దీపావళికి ముందు రంగనాథన్ వీధిలో అడుగుపెట్ట సందుండదు. చంటిపిల్లలతో ఆ దినములలో పోరాదు.

శాంతముగా నాలుగుదినము లుండదలచినవారికి మైలాపూరు మంచిది. కపాలీశ్వరుని మాడవీధులు, ఉదయపు కాఫీ, పూలయంగడులు మన యూరిని తలపించును. ఆంధ్రరాష్ట్రమునకై 1952లో పొట్టి శ్రీరాములుగారు ప్రాణములు విడిచిన చోటును ఈ పేటలోనిదే. పిల్లలకు తప్పక చూపవలెను. తిరువల్లిక్కేణిలో పార్థసారథి స్వామియు, సముద్రతీరమును సమీపమే. కాని అచ్చటి ‘మాన్షను’లు ఒంటరి పురుషులకై యేర్పడినవి గనుక, కుటుంబముతో పోవువారు ముందుగా విచారింపవలెను.

కాలమునుగూడ గమనింపవలెను. అక్టోబరునుండి డిసెంబరువరకు అచ్చట వానకాలము. 2015 డిసెంబరు వరద నెవ్వరు మరతురు? ఆ నెలలలో పల్లపుపేటలు విడిచిపెట్టుడు. డిసెంబరు సంగీతోత్సవములకు పోవువారు గదిని చాలముందుగా కుదుర్చుకొనవలెను.

డబ్బు కట్టుటకు ముందు నాలుగు సంగతు లడుగుడు: మెట్లెన్ని? నీళ్లు వేళకు వచ్చునా? రాత్రి ద్వారముకడ మనిషి యుండునా? పథ్యపు వంట దగ్గర దొరకునా? అద్దెకు ఆటోల ఖర్చును, పోవువేళను కలిపి లెక్కవేయుడు. అప్పుడే ఏది చవుకయో తేలును.

మరుసటియేడు రెండవ కంటికి పోయినప్పుడు ఆస్పత్రి వెనుకవీధిలో, క్రిందియంతస్తున గది తీసికొంటిని. అద్దె రెట్టింపయ్యెను. అత్తగారు నడచియే పోయి, నడచియే వచ్చిరి. ఆ యేడు గృహఖర్చుల పుస్తకములో నాకు సంతోషము కలిగించిన పద్దు అదియే.