బోర్డు పోలేదు, మన ఓపికే పోయింది!

సంక్రాంతికి అమలాపురం వెళ్తే మా మేనల్లుడు రాస్‌ప్‌బెర్రీ పై 3 చేతిలో పెట్టి "పోయింది మావయ్యా, టీవీలో బొమ్మ రావట్లేదు. నాకిది రాదులే" అన్నాడు. అక్క యథాప్రకారం లో వోల్టేజీ అంటూ కరెంటోళ్ళని తిట్టింది. కొత్తది కొనడానికి బావ రెడీ.

పచ్చ లైటు చూశా, మిణుకుతోంది. అంటే కార్డు చదువుతోంది, బోర్డు బతికే ఉంది. వీడేమో బోర్డు ఆన్ చేశాక తీరిగ్గా టీవీ వేస్తున్నాడు. కార్డులో ఉన్నది పాత రాస్పియన్. బూటయ్యేటప్పుడు టీవీ కనబడకపోతే హెచ్‌డీఎంఐలోకి బొమ్మ పంపదు. కాన్ఫిగ్ ఫైల్లో "హెచ్‌డీఎంఐ_ఫోర్స్_హాట్‌ప్లగ్=1" అని వాడిచేతే రాయించా. బొమ్మొచ్చింది!

ఆనందం రెండు నిమిషాలే. మౌస్ ఆగాగి కదులుతోంది, తెర మూల పసుపు మెరుపు గుర్తు. 5 వోల్టులు రావాల్సింది 4.63 కంటే తగ్గితే వచ్చే గుర్తది. అక్క మాటే నిజం, లో వోల్టేజే! కాకపోతే దోషి సెల్ ఛార్జరు, దాని సన్న వైరూ. 2.5 ఆంపుల ఛార్జరు మార్చాక మౌస్ దారికొచ్చింది.

2012లో రాస్‌ప్‌బెర్రీ పై వచ్చిందే పిల్లలు కెలికి నేర్చుకోడానికి. మనమేమో "కొత్తది కొనేద్దాం" అని వాళ్ళ చేతుల్లోంచి లాక్కుంటాం. మనం మాత్రం తక్కువా? లాగ్ చూడకుండా సర్వర్ రీస్టార్ట్ కొట్టనివాళ్ళు చేతులెత్తండి (నేనెత్తను).

అక్క మాత్రం ఇంకా కరెంటోళ్ళనే తిడుతోంది.